నేను చదవని ఇరవై పేజీలు

పదకొండేళ్ల పాటు నేను ఇతరులు రాసిన పుస్తకాలను తూచాను. ఖమ్మంలో డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూనే, రిటైరయ్యాక కూడా కొన్నాళ్లు, ఒక బహుమతి కమిటీలో కూర్చున్నాను. పదహారో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా మన ప్రాంతాల్లో పుట్టిన చిత్రాలు, శిల్పాలు, నేత, అద్దకం మీద వచ్చిన పరిశోధన గ్రంథాల్లో ఏటా ఒకదాన్ని ఎంచాలి. కమిటీలో ముగ్గురం. ఇద్దరు ఒప్పుకుంటే నిర్ణయం అయిపోయినట్టే.

ఇప్పుడు ఆ పని లేదు. కొత్తగా ఇలాంటి కమిటీల్లోకి వెళ్తున్నవాళ్లు, పుస్తక సమీక్షలు మొదలుపెట్టినవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "ఎట్ల చదవాలె మేడం, ముందు ఏం చూడాలె" అని అడుగుతుంటారు. ఫారాలు నింపడం ఆఫీసువాళ్లు నేర్పుతారు. అది నన్ను అడగొద్దు. ఈ పనిలో నేను బాగా చేసిందొకటి, పాడు చేసిందొకటి ఉన్నాయి. రెండూ ఇదే కళ్లద్దాలతో చేశాను కాబట్టి రెండూ చెబుతాను.

పెట్టె వచ్చాక

ఏటా వేసవి ముందు పార్సిల్ ఆఫీసు నుంచి ఒక పెద్ద అట్టపెట్టె ఆటోలో వచ్చేది. ఇరవైకి పైనే పుస్తకాలు. ఆదివారం చర్చి నుంచి రాగానే భోజనాల బల్ల మీద పరిచేదాన్ని. మా ఆయన కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మేం ఎక్కడ తినాలె, ఒడిలోనా?" అనేవాడు. సగం నిజంగానే అడిగేవాడు.

నేను నిర్మొహమాటంగా చెబుతున్నాను, ఆ పుస్తకాల్లో సగం ఎవరూ చదవనక్కర్లేనివి. మొదటి అధ్యాయంలో విదేశీ పండితులు ఏమన్నారో చెప్పి, రెండో అధ్యాయంలో వాళ్లన్నది తప్పని చెప్పి, అసలు బొమ్మ దగ్గరికొచ్చేసరికి రచయిత అలసిపోయి ఉంటాడు. బొమ్మ మీద నాలుగు పేజీలు, కృతజ్ఞతలు అయిదు పేజీలు. అలాంటివి ఒక్క సాయంత్రంలో పక్కన పెట్టేయొచ్చు. ఆ మాత్రం ధైర్యం లేకపోతే ఈ పనికి రావద్దు.

మా అధ్యక్షుడు రంగారావు గారు. ఒక మ్యూజియంలో పనిచేసి రిటైరయిన మనిషి. ఇస్త్రీ చొక్కా నలగకుండా మూడు గంటలు కూర్చోగలడు. మొదటి సమావేశంలో నేను ఒక పుస్తకం గురించి "చాలా బాగుంది సర్, నాకు నచ్చింది" అన్నాను. ఆయన కలం కింద పెట్టి, "నచ్చింది అనే మాట ఇంటికెళ్లి చీరల గురించి చెప్పుకో అమ్మా. ఇక్కడ ప్లేటు నంబరు చెప్పు" అన్నాడు. కోపంతో చెవులు వేడెక్కాయి. అయినా ఆ రోజు నుంచి ప్లేటు నంబరు, అంటే పుస్తకంలో ఆ బొమ్మకిచ్చిన సంఖ్య, లేకుండా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నాకు నేర్పింది అంతే, కానీ అది చాలా పెద్ద చదువు.

కుడి, ఎడమ

మూడో ఏడు ఒక పుస్తకం వచ్చింది. ఒక గుడి మండపం కప్పు మీది పదిహేడో శతాబ్దపు చిత్రాల గురించి. కాగితం, ముద్రణ కళ్లు చెదిరేలా ఉన్నాయి. వేట దృశ్యంలో గుర్రపు రౌతులందరూ ఎడమ చేత్తో బల్లెం పట్టారని, దానికో గూఢార్థం ఉందని రచయిత ఒక అధ్యాయమంతా రాశాడు. మిగతా ఇద్దరూ దానికే బహుమతి అనుకున్నారు.

నాకు ఆ ప్లేటు కుదురుగా అనిపించలేదు. భూతద్దం తీసి రెండు రోజులు చూశాను. ఆ కాలంలో దొరలు, రౌతులు వేసుకునే పొడుగు అంగీకి ముందు గుండీలు ఉండవు. ఒక పక్కకు మడిచి చంక కింద తాడుతో ముడి వేస్తారు. అదే కప్పు మీది మిగతా బొమ్మలన్నింట్లో ముడి ఎడమ చంక కింద ఉంది. ఈ ఒక్క ప్లేటులో మాత్రం అందరికీ కుడి చంక కింద ఉంది. అంటే ఫొటోను కుడి ఎడమలు తారుమారయ్యేలా తిరగేసి అచ్చు వేశారు. రౌతులు మనందరిలాగే కుడి చేతివాళ్లు. గూఢార్థం ప్రెస్సులో పుట్టింది.

సమావేశంలో ఆ మాట చెప్పినప్పుడు రంగారావు గారు భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూసి, "నీ కన్ను కన్ను కాదమ్మా, కత్తెర" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కింది. అబద్ధమాడను, బాగా ఎక్కింది. అప్పటి నుంచి పుస్తకం చేతికి రాగానే ఏం చెబుతోంది అని కాక ఎక్కడ తప్పు దొరుకుతుంది అని చూడడం అలవాటైంది.

రెండు పేజీల రిపోర్టు

తొమ్మిదో ఏడు నాగమణి పుస్తకం వచ్చింది. ఆమెది పినపాక దగ్గర ఒక కోయ గూడెం. యూనివర్సిటీలో పరిశోధన చేసి, తమ గూడెంలోని పడిగె మీద రాసిన పుస్తకం అది. పడిగె అంటే కోయవాళ్లలో ఒక్కో వంశానికి ఉండే జెండా. మూడు మూలల పెద్ద ఎర్రగుడ్డ. దాని మీద వంశం పెద్దలు, వాళ్ల గుర్రాలు, పులి, చంద్రుడు రంగు గుడ్డల్లో కత్తిరించి అతికిన బొమ్మలుగా ఉంటారు. జాతర నాడు దాన్ని విప్పి కట్టి, ఒక పెద్దాయన ఆ బొమ్మల కథ పాడతాడు. ఆ బొమ్మలు పదిహేడో శతాబ్దం నాటివని నాగమణి వాదన. మామూలు కాగితం, ఫొటోలు ఆమె సొంతంగా తీసినవి.

నేను ఫొటోలు చూశాను. ఎర్రగుడ్డ మిల్లు గుడ్డ. అంచున మిషిను కుట్టు స్పష్టంగా కనిపిస్తోంది. రౌతుల బొమ్మల పక్కన అక్కడక్కడా తెల్ల పీలికలు అతికి ఉన్నాయి. "చినిగిన చోట వేసిన మాసికలు" అని రాసుకున్నాను. అసలు అధ్యాయాలు నాలుగూ చదివాను. చివర ఇరవై పేజీల అనుబంధం ఉంది. కన్నయ్య అనే గాయకుడు పాడిన పాట, పక్కన తెలుగు, కింద వివరణలు. పాటలు జానపద శాఖ వాళ్ల పని, మనది కళాచరిత్ర అనుకుని పుస్తకం మూశాను.

రిపోర్టు రెండు పేజీలు రాశాను. ప్లేటు నంబర్లన్నీ ఇచ్చాను. చివరి వాక్యం ఇది: "మిల్లు గుడ్డ మీద పదిహేడో శతాబ్దాన్ని కుట్టలేము." రాశాక నాలుగుసార్లు చదువుకున్నాను, అంత ముద్దొచ్చింది నాకు. రంగారావు గారు పైకి చదివి నవ్వాడు. నాగమణి పుస్తకం పక్కకు పోయింది, బహుమతి వేరే పుస్తకానికి వెళ్లింది.

రిపోర్టులు గోప్యం అంటారు. మంచి వాక్యం గోప్యంగా ఉండదు. ఆరు నెలల్లో అది సెమినార్లలో టీ దగ్గర జోకైంది. నాగమణి పుస్తకం వేసిన ప్రెస్సు రెండో ముద్రణకు సిద్ధమవుతోందట. కన్నయ్య పాట మొదటి దాంట్లో ముప్పావు వంతే ఉంది, రెండో దాంట్లో పూర్తిగా వేయాలని ఒప్పందం. జోకు విన్నాక వాళ్లు వెనక్కి తగ్గారు. ఆ పాట మొత్తం వచ్చిన మనిషి ఆయన ఒక్కడే, ఆయనకు ఎనభై దాటాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఫోను

ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. "మేడం, నేను నాగమణిని. మీ రిపోర్టు నా దాకా వచ్చింది."

ఏడుస్తుందనో తిడుతుందనో అనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఒక్కటే అడుగుత మేడం. వెనక అనుబంధం చదివిన్రా?"

"చూశాను" అన్నాను.

చదవడం వేరు, చూడడం వేరని ఇద్దరికీ తెలుసు. "సరే మేడం. వచ్చే నెల మా ఊళ్లె కొత్త పడిగె కుడుతున్నరు. పాతది శినిగింది. వచ్చి చూడున్రి" అంది.

ఫోను పెట్టేశాక పుస్తకం బల్ల మీదే ఉంది. తెరవడానికి చెయ్యి రాలేదు. చూశానని చెప్పాక ఇప్పుడు చదివితే అబద్ధం ఒప్పుకున్నట్టవుతుంది కదా, నాకు నేనే. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి తెలివి అలా ఏడ్చింది.

కత్తెర ఆగిన చోటు

ఖమ్మంలో పొద్దున్నే బస్సెక్కి, టేకులపల్లి, కొత్తగూడెం మీదుగా మణుగూరు చేరి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాను. పుస్తకం సంచిలో వేసుకున్నాను, దారంతా దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

గూడెంలో తాటాకు పందిరి కింద చాప పరిచి, దాని మీద పాత పడిగె పరిచారు. పక్కనే కొత్త ఎర్రగుడ్డ. మణుగూరు నుంచి పిలిపించిన దర్జీ మిషిను పెట్టుకుని కూర్చున్నాడు. కన్నయ్య పెద్దాయన పాత గుడ్డ పక్కన మఠం వేసుకుని, ఒక్కో చరణం పాడి, ఆ చరణంలోని బొమ్మ మీద వేలు పెడుతున్నాడు. దర్జీ పాత బొమ్మ మీద కొత్త గుడ్డ పెట్టి, గీసి, కత్తిరించి, అదే చోట అతుకుతున్నాడు. చరణం అయితేనే కత్తెర కదులుతుంది. పాట ముందు, బొమ్మ తర్వాత.

నేను పెద్దాయన పక్కన కూర్చుని, "పెద్దనాయనా, ఈ పాతది ఎప్పటిది?" అన్నాను.

"నా పెండ్లి నాటిది అమ్మా."

"దానికి ముందుది?"

"గోదాట్ల కలిపినం. దాని ముందుది గూడ గోదాట్లనే. కొత్తది లేశినంక పాతది ఉండొద్దు."

"మరి గుడ్డ మిల్లుది కదా?"

"ఎర్రగుడ్డ యాడ దొరికితే ఆడ తెస్తం. గుడ్డదేముంది, శినుగుతది. లెక్క తప్పొద్దు."

లెక్క అంటే ఎన్ని బొమ్మలు, ఎవరి పక్కన ఎవరు, ఎవరి చేతిలో ఏముంది అని. అది ఆయనకు పాటలో ఉంది.

మధ్యాహ్నం దాటాక మూడో రౌతు దగ్గరికి వచ్చారు. దర్జీ రౌతును కత్తిరించి అతికి, పక్కనున్న తెల్ల పీలికను గోటితో గీకి చూశాడు. "తాతా, ఇది మాసిక తీరుగ ఉన్నది. కొత్త దానికెందుకు? తీసేస్తున్న" అన్నాడు. నేను రిపోర్టులో రాసిన మాటే.

"తియ్యకు" అన్నాడు కన్నయ్య. "శంక కింద ముడి అది. పాటల ఉన్నది."

"ఏం ముడి?" అన్నాడు దర్జీ.

"నాకేమెరుక? గసొంటి అంగీ నేను సూడలే, మా అయ్య సూడలే. శంక కింద ముడి ఉండాలె, తెల్లగ ఉండాలె, ఎడమ దిక్కే ఉండాలె. గంతే."

దర్జీ నిట్టూర్చి తెల్లగుడ్డ ముక్క కోసం వెతికాడు.

నాకు సిగ్గేసింది. ఏళ్ల కింద ఒక పండితుడి తప్పు ఏ ముడిని చూసి పట్టి పేరు తెచ్చుకున్నానో, అదే ముడి. ఎడమ చంక కింద. ఆ అంగీ వేసుకున్న మనిషిని ఈ గూడెంలో బతికున్నవాళ్లెవరూ చూడలేదు. అదేమిటో తెలియకుండానే, తెలియదు కాబట్టి మార్చకుండా, గుడ్డ తర్వాత గుడ్డ మీదికి ఎక్కించుకుంటూ వచ్చారు. తెలిసినదాన్నని పేరున్న నేను దాన్ని మాసిక అన్నాను.

లేచి వెళ్లి నాగమణి వాళ్ల ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఆ ఇరవై పేజీలు చదివాను. పదకొండో పేజీ అడుగున వివరణలో ఆమె అంతా రాసి ఉంది. అంగీ, ముడి, ఏ మండపం కప్పు మీద అలాంటివి ఉన్నాయి, పాత గుడ్డను ఎందుకు ఉంచరు. నేను అడగగలిగిన ప్రతి ప్రశ్నకు అక్కడ జవాబుంది. పైగా ప్లేటు నంబరుతో.

లెక్క చూడడం

మర్నాడు పొద్దున రెండు పడిగెలనూ ఒకే వెదురుకు పక్కపక్కన కట్టారు. ఊరంతా చేరింది. ఆ గూడెంలో పాతదాన్ని గోదావరికి తీసుకుపోయే ముందు లెక్క చూస్తారు. తప్పేమైనా ఉందా అని పెద్దాయన మూడుసార్లు అడుగుతాడు. తప్పు కనబడినవాళ్లు అప్పుడే, అందరి ముందే చెప్పాలి. చూసి కూడా ఊరుకుంటే, ఆ కొత్త గుడ్డ చినిగేదాకా ఆ తప్పు వాళ్ల మీదే ఉంటుంది.

మొదటిసారి అడిగినప్పుడు ఒక ముసలమ్మ లేచి, పులి తోక పైకి తిరగాలి, కిందికి పెట్టారు అంది. దర్జీ అక్కడే కుట్టు విప్పి మళ్లీ వేశాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. రెండోసారి ఎవరూ లేవలేదు.

మూడోసారి అడిగినప్పుడు నేను లేచాను.

"గుడ్డల తప్పేం లేదు. తప్పు నాది" అన్నాను. "నాగమణి మీ పడిగె మీద పుస్తకం రాసింది. నేను మొత్తం చదవకుంటనే అది తప్పని రాసిన. ముడిని మాసిక అన్న. చదివిన్రా అని అడిగితే అబద్ధం చెప్పిన."

కన్నయ్య నా వైపు తిరిగాడు. "గుడ్డ ఇంక నీళ్లల్ల ఎయ్యలేదు గద. యాళకే జెప్పినవ్. కూసో అమ్మా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, మనసు తేలికపడింది. అంతా అయిపోయిందనుకున్నాను. నాగమణి అలా అనుకోలేదు. గోదారి ఒడ్డు నుంచి తిరిగి వస్తుంటే నా పక్కన నడుస్తూ మెల్లగా అంది.

"మేడం, మీరు గిక్కడ చెప్పిన్రు, మంచిగనే ఉన్నది. కని వీళ్లు ఎన్నడు నమ్మకుంట ఉన్నరు? వీళ్లకు పడిగె మీద అనుమానమే లేకపాయె. మీరు యాడ రాసిన్రో ఆడ చెప్పున్రి."

రాసిన చోట

హైదరాబాదు వెళ్లి రంగారావు గారిని కలిశాను. అంతా విన్నాడు. "నిర్ణయం అయిపోయిందమ్మా. ఒక పుస్తకం ఒక్కసారే పరిశీలనకు వస్తుంది. ఇప్పుడు తవ్వితే కమిటీ పరువు పోతుంది" అన్నాడు.

"కమిటీది కాదు సర్, పోయేది నాది."

"నీది పోయినా మాది పోయినట్టే. వదిలెయ్యి."

ఆయన చెడ్డవాడు కాదు. కమిటీని ముప్పై ఏళ్లుగా నిలబెట్టిన మనిషి. దాన్ని కాపాడాలనే చూశాడు. కానీ కమిటీ పరువును కాపాడడం, పుస్తకానికి న్యాయం చేయడం ఒకే పని అని ఆయన నమ్మకం. నాకు ఆ నమ్మకం ఆ రోజుతో పోయింది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ రెంటి మధ్య ఎంచుకోవలసి వస్తుంది, ఇప్పుడే అనుకుని ఉంచుకోండి.

నేను ప్రెస్సుకు ఆరు పేజీల ఉత్తరం రాశాను. నా రిపోర్టులోని ఒక్కో ఆక్షేపణ తీసుకుని, అది ఎందుకు తప్పో ప్లేటు నంబరుతో రాశాను. అనుబంధం చదవలేదని కూడా రాశాను. దాని కాపీలు మిగతా ఇద్దరు సభ్యులకూ, జోకు బాగా తిరిగిన రెండు యూనివర్సిటీ శాఖలకూ పంపాను. కమిటీలో నా గడువు రెండేళ్లకు ముగిసింది, మళ్లీ నన్ను పిలవలేదు. బహుమతి నాగమణికి రాలేదు, నిబంధన ప్రకారం ఇక రాదు. ఈ పనిలో నేను చేసిన నష్టం అది, పూడ్చలేనిది.

ప్రెస్సు మాత్రం కదిలింది. కన్నయ్య పాట మొత్తంతో రెండో ముద్రణ వేస్తామన్నారు. నాగమణి అచ్చుకు వెళ్లబోయే ప్రూఫులు పట్టుకుని ఖమ్మం వచ్చింది. చివర నా ఉత్తరం వేశారు. దాని ముందు పేజీల్లో నా పాత రిపోర్టు కూడా ఉంది, అక్షరం తీయకుండా, చివరి వాక్యంతో సహా.

"ఇది అవసరమా నాగమణీ? తీసేయొచ్చు కదా" అన్నాను. బతిమాలినట్టే అన్నాను.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "పడిగె అయితే పాతది గోదాట్ల కలుపుతం మేడం. ఎందుకంటే దాంట్ల ఉన్న లెక్కంత కొత్త దాంట్లకు వచ్చింటది. మీరు నన్ను ఏమన్నరో మీ ఉత్తరంల లేదు. అందుకే ఇది నీళ్లల్ల ఎయ్య. ఉండనియ్యున్రి."

కలం తీసి అచ్చుకు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాను.

ఆ పుస్తకం ఇప్పుడు మా భోజనాల బల్ల మీదే ఉంటుంది. కొత్తవాళ్లు వచ్చి ఎలా చదవాలి అని అడిగితే వెనక నుంచి తెరిచి, ముందు నా పాత రిపోర్టు చదవమంటాను. చివరి వాక్యం దగ్గర అందరూ నవ్వుతారు. వాక్యం బాగుంటుంది మరి. నవ్వడం అయ్యాక పేజీ తిప్పమంటాను.